మహారాణి దాచుకున్న రెండోది

టైలరు గారి కొట్లో కత్తెరకి ఒక చోటుంది, ఇస్త్రీపెట్టెకి ఒక చోటుంది. మహారాణికి మాత్రం ఫలానా చోటని లేదు, కొట్టంతా ఆమెదే. కోసిన గుడ్డ మీద పడుకునేది, కొయ్యని గుడ్డ మీద ఇంకా హాయిగా పడుకునేది. ఒంటి నిండా తెల్లటి బొచ్చు, ఒక్క ఎడమ చెవి మాత్రం మసి పూసినట్టు నలుపు.

ఆ కుందేలు టైలరు గారి అక్కది. మొగుడు పోయాక తమ్ముడి పంచన చేరినా, పంచన ఉన్నట్టు ఏనాడూ ఉండలేదావిడ. కొట్లో కాజాలన్నీ ఆవిడ చేతివే. మిషను కాజా ఒక్క ఉతుక్కి విచ్చుకుంటుంది గానీ ఆవిడ కుట్టిన కాజా చొక్కా చిరిగాక కూడా ఉంటుంది. అందుకే వీధివీధంతా ఆవిణ్ణి కాజాలక్క అనే పిలుస్తుంది. ఒక ఖాతాదారు చెప్పుల డబ్బాలో తెచ్చిచ్చిన గుప్పెడు పిల్లని కాజాలక్క వెల్లకిలా తిప్పి, కళ్లజోడు సవరించుకుని చూసి, “ఏమీ లేదు. ఆడపిల్లే” అని తేల్చేసింది. అప్పటికప్పుడు మహారాణి అని పేరు పెట్టింది. టైలరు గారు మిగిలిన లైనింగు ముక్కతో కుచ్చుల లంగా ఒకటి కుట్టిపెట్టారు. అది తొడుక్కుని మహారాణి అద్దాల బీరువా ముందు కూచుంటే, జాకెట్టు కొలతలివ్వడానికొచ్చిన ఆడవాళ్లు తమ సంగతి మరిచిపోయేవాళ్లు.

పిల్లగా ఉన్నన్నాళ్లు బాగానే ఉంది. ఒళ్లు చేశాక మహారాణికి వేరే బుద్ధులు పుట్టాయి. మిషను కాలికీ బల్ల కోడుకీ గడ్డం రాయడం, కాజాలక్క పాదాల చుట్టూ గుర్రుగుర్రుమంటూ గిరగిరా తిరగడం. ఆ తిరగడంలోనే ఒక్క ఎగురు ఎగిరి, వెనక్కి తిరిగి, పిచికారీ కొట్టినట్టు చిమ్మడం! ఆ వాసన సబ్బుకి పోదు, ఎండకి పోదు. చివరికి ఒకరోజు పాటల పోటీకి వెళ్లే పిల్ల కోసం కుట్టిన తెల్ల గౌను మీద పసుప్పచ్చటి చార పడింది. పిల్ల తల్లి ఆ గౌనుని రెండు వేళ్లతో ఎత్తి చూసి, ఒక్క మాటనకుండా బల్ల మీద వదిలేసి, ఇంకా కుట్టాల్సిన గుడ్డలన్నీ సంచీలో కుక్కుకుని వెళ్లిపోయింది. ఆవిడ నాలుగు తిట్టినా టైలరు గారికి అంత బాధ ఉండేది కాదు.

“అక్కా, ఇక నా వల్ల కాదు,” అన్నారు. “ఈ ఇంట్లో కుందేలైనా ఉండాలి, కొట్టైనా ఉండాలి.”

“అయితే కొట్టు మూసెయ్.”

“నవ్వులాట కాదక్కా. ఊరి బయట కోళ్లఫారం ఆయన తీసుకుంటానన్నాడు.”

“తీసుకుంటాడురా, ఎందుకు తీసుకోడు! వండుకోడానికి తీసుకుంటాడు. దాన్ని పంపే రోజు నా పెట్టె కూడా సర్దు, ఇద్దరం ఒకే బండిలో పోతాం.” కాజాలక్క సూదిలో దారం ఎక్కించుకుని కాజా మీదికి వంగింది. టైలరు గారు మిషను తొక్కడం మొదలుపెట్టారు.

అలాంటి వేళ టైలరు గారి కూతురు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. ఆ పిల్ల పశువుల డాక్టరు. చదువయ్యాక ఈమధ్యనే వచ్చి ఊళ్లో పెద్ద డాక్టరు గారి దగ్గర చేరింది. ఇక్కడొక సంగతి చెప్పుకోవాలి. కాజాలక్క ఎవరితోనైనా “మా మేనకోడలు డాక్టరు” అనే చెప్పేది. “దేనికి డాక్టరండీ, కళ్లకా, గుండెకా?” అని ఎదుటివాళ్లు అడిగితే మాత్రం, “మీ చొక్కాకి గుండీ వేలాడుతోంది, ఇలా ఇవ్వండి” అని మాట మార్చేసేది. ఆడపిల్ల గొడ్ల వెనకాల చెయ్యి పెట్టే పని చేస్తుందని చెప్పుకోడానికి ఆవిడకి నోరు వచ్చేది కాదు.

డాక్టరు పిల్ల మహారాణిని ఒళ్లో వేసుకుంది. బొడ్డు కింద మెల్లగా నొక్కి చూసింది. లంగా కుచ్చులు పక్కకి జరిపి మళ్లీ చూసింది.

“అత్తా, ఇది మగది.”

“ఏడిశావ్. మగదైతే ఏవీ మరి? నేను చూసే కదా పేరు పెట్టాను!”

“బీజాలు కిందికి దిగలేదత్తా. లోపలే ఉండిపోయాయి.”

“దిగకపోతే పీడా పోయె. వాటితో మనకేం పని?”

“మనకి లేదు, దానికుంది. లోపల కూచునే అవి పని చేస్తున్నాయి. ఈ వాసనా ఈ చిమ్మడం అంతా వాటి పుణ్యమే. పైగా అక్కడే వదిలేస్తే వయసు మీద పడ్డాక గడ్డ కట్టొచ్చు.”

అయినా తొందరపడలేదా పిల్ల. బెదిరితే కుందేళ్లు ఉన్నవాటిని కూడా పైకి లాగేసుకుంటాయి. అందుకని కొన్నాళ్లపాటు సాయంత్రాలు దాన్ని ఒళ్లో జోకొట్టి, ఒళ్లంతా వదులు చేసి నిద్రలోకి జారాక వేలితో తడిమి చూసింది. రెండు వైపులా సంచులే సరిగ్గా ఏర్పడలేదు. ఇక అనుమానం లేదు. కడుపు తెరిచి తీయాల్సిందే. తీసేస్తే బుద్ధి మారుతుంది, కొట్లోనే ఉండొచ్చు. తీయకపోతే కోళ్లఫారమే.

“పెద్దాయన చేస్తేనే ఒప్పుకుంటా,” అంది కాజాలక్క. “నీ చేతికి ఇవ్వను. నువ్వు నిన్నకాక మొన్న నా కొంగు పట్టుకు తిరిగిన దానివి.”

ఆ మాట అనడానికి ఆవిడే ఆస్పత్రికి వెళ్లింది. పెద్ద డాక్టరు గారు చేతులు కడుక్కుంటూ విన్నారు. ఎన్నో వందల గేదెలకి పురుడు పోసిన చేతులవి, మోచేతుల దాకా మచ్చలు.

“ఏమ్మా, మీరు నన్ను పొగుడుతున్నారో, ఇరికిస్తున్నారో తెలీట్లేదు,” అన్నారాయన. “గేదె కడుపులో నా చెయ్యి మొత్తం పడుతుంది. దీని కడుపులో నా బొటనవేలు పట్టదు. మీ పిల్ల ఈ చిన్న జీవాల పనే ముచ్చటపడి నేర్చుకుంది. కొయ్యాల్సింది తనే. నేను తలకాయ దగ్గర నిలబడి మత్తు చూసుకుంటాను.”

కాజాలక్కకి ఇంకో దారి లేకపోయింది.

ఆపరేషను రోజు ఆవిడ మహారాణిని కొత్త తువ్వాలు పరిచిన బుట్టలో పెట్టుకుని తెచ్చింది. డాక్టరు పిల్ల బుట్టలోకి తొంగి చూసింది. తువ్వాలు ఉతికినట్టే ఉంది, ఒక్క పెంటిక లేదు.

“అత్తా, పొద్దున ఏం పెట్టావు?”

“ఏమీ పెట్టలేదు,” అంది కాజాలక్క గొప్పగా. “నిన్న చీకటి పడ్డాక గడ్డిపరక ముట్టనిస్తే ఒట్టు. నా కంటి ఆపరేషనుకి నన్ను పస్తుంచి ఎండబెట్టలేదూ? నాకు తెలీదనుకున్నావా ఆపరేషను పద్ధతులు! అది తినకుండా నేనెట్లా తింటానని నేనూ మంచినీళ్లు తాగలేదు.”

డాక్టరు పిల్ల చేతి తొడుగులు తీసేసింది.

“ఇవాళ చెయ్యను.”

“అదేమిటే!”

“కుందేలుకి వాంతి రాదత్తా. అందుకని దాన్ని ఎండబెట్టక్కర్లేదు. ఎండబెడితే పేగు ఆగుతుంది. ఆగిన పేగుతో బల్ల ఎక్కిస్తే నా కుట్లు ఎంత బాగున్నా అది బతకదు.”

పెద్ద డాక్టరు గారు అప్పటికే సామానంతా మరగబెట్టించి ఉన్నారు. బయట రెండు కుక్కలు, ఒక మేక వరసలో ఉన్నాయి. ఆయన గడియారం వంక చూశారు, పిల్ల వంక చూశారు. పిల్ల చూపు దించలేదు. “సరే, ఆ మేకని రమ్మను,” అన్నారాయన.

కాజాలక్క ఇంటికి చేరగానే ముల్లంగి ఆకులు మహారాణి ముందు పోసి, తనూ కంచం ముందు కూచుని, అప్పుడు తమ్ముడితో అంది: “పెద్దాయన ముందు చెయ్యనంటే చెయ్యనందిరా. గొంతు కూడా పెంచలేదు. ఎవరి పోలికో!”

“నీదే,” అన్నారు టైలరు గారు.

పేగు మళ్లీ దారిలో పడిందని తేలాక ఇంకో రోజు కుదిరింది. ఈసారి మహారాణి బల్ల ఎక్కేదాకా కొత్తిమీర నములుతూనే ఉంది. టైలరు గారు కొట్టు మూసి వచ్చారు. ఆపరేషను గది తలుపుకి చిన్న అద్దం ఉంది. అక్కాతమ్ముళ్లిద్దరూ ఆ అద్దానికి చెరో కన్ను ఆనించారు.

బొచ్చు గొరిగిన పొట్ట ఎంత చిన్నదో అప్పుడు తెలిసింది. పచ్చ గుడ్డకున్న కంతలోంచి అగ్గిపెట్టంత చోటు కనిపిస్తోంది. డాక్టరు పిల్ల పొత్తికడుపు నడిమధ్య గీత గీసింది. మూత్రపు తిత్తిని తడి గాజుగుడ్డతో పట్టి పక్కకి వంచింది. దాని వెనకాల రెండు సన్నటి తీగలుంటాయి. ఒక్కో తీగ చివర ఒక్కో బీజం. ఒక తీగని పట్టుకుంది, మెల్లగా తీసింది. చిక్కుడు గింజంత బీజం బయటికొచ్చింది. ముడి వేసింది, కోసింది, పళ్లెంలో పెట్టింది.

రెండో తీగ కొంచెం దూరం వచ్చి, కొవ్వు మడతల్లోకి దూరి మాయమైంది. లాగితే రాలేదు. గట్టిగా లాగితే తెగుతుంది, తెగితే కొస ఇక దొరకదు.

పెద్ద డాక్టరు గారు ఊపిరి కదలిక చూస్తున్నారు. “ఒకటి తీశాం కదమ్మా. మత్తు ఎక్కువసేపు మంచిది కాదు. మూసేసి ఇంకోసారి చూద్దామా?”

మూసేస్తే ఏమవుతుందో ఆ పిల్లకి తెలుసు. ఒక్కటి మిగిలినా వాసన పోదు, చిమ్మడం ఆగదు. ఇంకోసారి కడుపు కొయ్యడానికి అత్త ఒప్పుకోదు. కోళ్లఫారం బండి వస్తుంది.

“ఊపిరి ఎలా ఉంది సార్?”

“బాగానే ఉంది.”

“అయితే కొంచెం ఆగండి. పేగులు కెలకను. ఈ తీగ వెంటే పోతాను.”

అప్పుడు ఆ పిల్ల చేసిన పని చూసి టైలరు గారు అద్దానికి మొహం ఆనించేశారు. పిల్ల తీగ లాగడం మానేసింది. ఎడమ చేతి బొటనవేలూ చూపుడువేలూ మడత మీద ఆనించి, లోపల ఉన్నదాన్ని పైనుంచే పట్టుకుని, మడతనే కుచ్చులు కుచ్చులుగా వెనక్కి జరుపుతోంది. జరిపి, పట్టు మార్చి, మళ్లీ జరిపి.

ఆ పని ఆయనదే. పైజామా బొందు నడుం మడతలోకి జారిపోతే అందరూ కుట్టు విప్పుతారు, లేదా మొత్తం పీకేసి పిన్నీసుతో మళ్లీ ఎక్కిస్తారు. ఆయన కొట్లో కుట్టు విప్పడం నామోషీ. గుడ్డ మీంచే కొసని తడిమి పట్టి, గుడ్డని వెనక్కి కుచ్చు పోసుకుంటూ కొసని కన్నం దాకా నడిపించుకు రావాలి. బొందుని లాగకూడదు, గుడ్డనే జరపాలి. ఇంత పిల్లగా ఉన్నప్పుడు ఆయన ఒళ్లో కూచుని ఆమె నేర్చుకున్న మొదటి పని అదే. వీధిలో ఎవరి బొందు జారినా “బొందు డాక్టరు ఉందా?” అంటూ వచ్చేవాళ్లు. ఆ పేరు పెట్టిందీ కాజాలక్కే, ఎగతాళికి.

“అక్కా,” అన్నారు టైలరు గారు. “చూస్తున్నావా?”

“చూస్తున్నా, నోర్ముయ్,” అంది కాజాలక్క. ఆవిడ వేళ్లు గాలిలో తమంతట తామే కుచ్చు పోస్తున్నాయి.

మడత వెనక్కి జరిగింది. జరిగిన చోటునుంచి పెసరగింజ కంటే కాస్త పెద్దది, మెత్తగా పాలిపోయినది, కొస పట్టుకుని బయటికొచ్చింది. పెద్ద డాక్టరు గారు మాస్కు వెనక నుంచి “ఓహో!” అన్నారు. ఆ ఓహో తలుపు బయటికి కూడా వినిపించింది.

కుట్లు పూర్తి చేసి డాక్టరు పిల్ల బయటికొచ్చేసరికి టైలరు గారు ఎలా ఉందని అడగలేదు, బతుకుతుందా అని అడగలేదు.

“బొందు దొరికిందామ్మా?” అన్నారు.

“దొరికింది నాన్నా,” అందా పిల్ల. ఆ పిల్ల చేతులు రెండూ ఆయన తన చేతుల్లోకి తీసుకుని, కొత్త గుడ్డ నాణ్యం చూసినట్టు వేళ్లన్నీ ఒకసారి తడిమి చూశారు.

పని అక్కడితో అయిపోలేదు. తిన్నట్టూ పెంటిక వేసినట్టూ తెలిస్తేనే బతికినట్టు లెక్క. కాజాలక్క బుట్ట పక్కనే చాప వేసుకుంది. కొత్తిమీర రెమ్మ మూతి దగ్గర పెట్టి, “తినవే తల్లీ, తినరా నాయనా” అని రెండు రకాలుగానూ బతిమాలింది. చాలాసేపటికి మీసాలు కదిలాయి. ఆకు ఒకటి లోపలికి పోయింది. కిటికీలో వెలుగొచ్చే వేళకి బుట్టలో గుండ్రంగా, నల్లగా, పొడిగా ఒక పెంటిక కనిపించింది. కాజాలక్క దాన్ని అరచేతిలో పెట్టుకుని, మెట్లెక్కి వెళ్లి, నిద్రపోతున్న మేనకోడల్ని లేపింది. “లేవే, లేచి చూడు! ముత్యంలా వేసింది!”

ఒంట్లో మిగిలిన వేడి వెంటనే చల్లారదని డాక్టరు పిల్ల ముందే చెప్పింది. కొన్ని వారాలు మహారాణి మేడ మీదే ఉంది. నెమ్మదిగా గిరగిరలు తగ్గాయి, గుర్రుగుర్రు తగ్గింది, వాసన పోయింది. ఒకరోజు టైలరు గారే దాన్ని కిందికి తెచ్చి, బల్ల మీద పరిచిన తెల్ల గుడ్డ మీద కూచోబెట్టి, మిషను తొక్కకుండా చూస్తూ నిలబడ్డారు. మహారాణి ముందరి కాళ్లతో మూతి కడుక్కుంది. చెవులు దులుపుకుంది. గుడ్డ మీదే కాళ్లు చాపి పడుకుంది. టైలరు గారు గుడ్డ అంచు ఎత్తి వాసన చూసి, మిషను మీద కూచున్నారు.

పాటల పోటీ పిల్ల తల్లి మళ్లీ గుమ్మమెక్కిన రోజు డాక్టరు పిల్ల కూడా కొట్లోనే ఉంది. ఆవిడ సంచీ విప్పకుండా ముందు కుందేలు వంక అనుమానంగా చూసింది.

“భయపడకండి, ఇలా కూచోండి,” అంది కాజాలక్క. “ఇదుగో, మా మేనకోడలు. డాక్టరు. దేనికి డాక్టరని అడగండి.”

“దేనికండీ?”

“పశువులకి! దీని బీజాలు రెండూ కడుపులో దాక్కున్నాయండీ. ఒకటి ఎవరైనా తీస్తారు. రెండోది కొవ్వులో ఇంత లోపల.” కాజాలక్క బొటనవేలు, చూపుడువేలు దగ్గరకి తెచ్చి, లేని మడతని కుచ్చు పోయడం మొదలుపెట్టింది. “పెద్ద డాక్టరే మూసేద్దామన్నాడు. మా పిల్ల ఒప్పుకుందా? ఇదుగో, ఇలా పట్టి, ఇలా జరిపి...”

“అత్తా!” అంది డాక్టరు పిల్ల, మొహం చేతుల్లో దాచుకుంటూ. పాటల పిల్ల తల్లి ఎటు చూడాలో తెలియక పైకప్పు వంక చూసింది.

“నువ్వుండవే. సిగ్గుపడాల్సింది నువ్వా?” అంది కాజాలక్క. “అయితే ఇంకో మాట. ఇది మగదని తెలిశాక పేరు మారుద్దామన్నాడు మా తమ్ముడు. అక్కర్లేదన్నాను. ఇప్పుడు అటూ కాదు ఇటూ కాదు. మహారాణిగానే ఉండనీ.”

టైలరు గారు మిషను ఆపి, పాటల పిల్ల తల్లి చేతిలోని సంచీ అందుకుని, అందులోని తెల్ల గుడ్డ తీసి, మహారాణి పక్కనే బల్ల మీద బారుగా పరిచారు.