ఊచలు కొరికిన కోరలు

మా అన్నయ్య కుడికాలికి వేళ్ళు లేవు. ఐదూ పోయాయి. అవి పోవడానికి కారణమైన మనిషికి జీవితకాల పురస్కారం ఇస్తున్నారని తెలిసినప్పుడు నేను పశువుల ఆసుపత్రిలో ఒక కుక్క నడుముకి ఎక్స్‌రే తీస్తున్నాను. నడుముకి బదులు తోక పడి మళ్ళీ తీయాల్సి వచ్చింది.

అన్నయ్యది కళ్ళజోళ్ళ దుకాణం. పెళ్ళి చేసుకోలేదు. నాకు పెళ్ళయింది కానీ మా ఆయనకు కుర్చీ దిగడమంటేనే ఒళ్ళునొప్పులు. అందుకని ఏటా ఒక నెల అన్నాచెల్లెళ్ళమే బయల్దేరేవాళ్ళం. అడవి జంతువుల్ని వాటి చోట్లోనే చూడాలన్నది మా పిచ్చి. పులులతో, ఏనుగులతో ఆగలేదు. పిల్లలకు పాలిచ్చే జంతువైతే చాలు, గుప్పెడంత గబ్బిలం కోసమైనా మూడు విమానాలు మారేవాళ్ళం. నీటికుక్కల కోసం ఒక నది ఒడ్డున తొమ్మిది రోజులు దోమలకు ఒళ్ళప్పగించాం.

"జంతువుని చూడ్డానికి అంతదూరం పోవాలా? నేను లేనూ ఇంట్లో?" అనేవాడు మా ఆయన.

మాలాంటి పిచ్చివాళ్ళకి ఒక సంఘం ఉంది. అందులో పెద్దతలకాయ కెప్టెన్. ఆయన ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. టోపీ చూసి ఎవరో అలా పిలిస్తే కాదనలేదు, అంతే. ఏడేళ్ళ క్రితం మంచు చిరుతను చూపిస్తానని మమ్మల్ని కొండలకు తీసుకెళ్ళాడు. ఐదోరోజు నాకు జ్వరం వచ్చి కింద గుడారంలో పడుకున్నాను. పైన మంచులో కొత్త అడుగుజాడలు మొదట కనిపెట్టింది అన్నయ్యే. కానీ ఆయనకి మోకాలు నొప్పి. నడక నెమ్మది.

"మీరు ఈ రాయి చాటున కూర్చోండి. అరగంటలో వచ్చి తీసుకెళ్తాం," అన్నాడట కెప్టెన్.

రాలేదు. ఎనిమిది గంటల తర్వాత సామాన్లు మోసే మనిషి వెతుక్కుంటూ వెళ్ళి అన్నయ్యని వీపున వేసుకుని దించాడు. అప్పటికే వేళ్ళు నల్లబడిపోయాయి.

అక్కడితో ఆగితే నేనూ మర్చిపోయేదాన్నేమో. ఈ ఏడాది కెప్టెన్ పుస్తకం వేశాడు. అట్టమీద కోరలు చూపిస్తున్న మంచు చిరుత. లోపల ఆ రోజు కథంతా ఉంది. అడుగుజాడలు తనే కనిపెట్టాడట, చిరుతను ఇరవై అడుగుల దూరంలో ఫొటో తీశాడట. మా అన్నయ్య గురించి ఒకే వాక్యం: 'చెప్పిన మాట వినకుండా దారి తప్పిన ఒక పెద్దమనిషి వల్ల మా ఆనందం కొంత చెడింది.'

అన్నయ్య చదివి పుస్తకం పక్కన పెట్టేశాడు. "పోనీలేవే. నేను చూపించిన జాడల వెంబడే కదా వెళ్ళారు. నా వేళ్ళు పోయినా, వాళ్ళైనా దాన్ని చూశారు."

నేను మాత్రం ఆ పుస్తకాన్ని వంటింట్లో ఉప్పుడబ్బా పక్కనే పెట్టుకున్నాను, కోపం చల్లారకుండా. రోజూ ఆ అట్ట చూస్తూంటే ఒకరోజు నా కళ్ళు చిరుత మొహం వదిలి నోట్లోకి వెళ్ళాయి. ముప్పై ఏళ్ళుగా జంతువుల పళ్ళు, ఎముకలు చూస్తున్నదాన్ని. అడవి జంతువు కోర కొనలో అరుగుతుంది, లేదా విరుగుతుంది. దీని కోరలు వెనకవైపు చెంచాతో గీకినట్టు లోతుగా అరిగిపోయాయి. ఏళ్ళ తరబడి ఇనుప ఊచలు కొరికితేనే అలా అవుతాయి.

పుస్తకం గట్టుమీద పెట్టి కూర్చుండిపోయాను. తర్వాత, అబద్ధం చెప్పడమెందుకు, ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

నాలుగు నెలలు పట్టింది. తెలిసిన పశువైద్యులందరికీ ఫొటో పంపాను. చివరికి ఒక డాక్టరమ్మ జవాబిచ్చింది. "ఈ పన్ను నేనే బాగుచేశాను. ఫొటోలవాళ్ళ కోసం జంతువుల్ని పెంచే చోటు ఒకటుంది, అక్కడిది." ఎక్స్‌రే కూడా పంపింది. సెలవు పెట్టి ఆ చోటికి వెళ్ళాను. ఎవరిదో పెళ్ళికి వెళ్తున్నానని అన్నయ్యకి చెప్పాను.

రేకుల షెడ్డులో చిరుత అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేస్తోంది. నన్ను చూడనేలేదు. జీవితంలో నేను చూసిన మొదటి మంచు చిరుత అది. లెక్కలోకి రాదు.

"కెప్టెన్ గారా? ప్రతి చలికాలం వస్తారండీ," అన్నాడు కాపలా మనిషి. "మాంసం ముక్క ఎత్తి చూపిస్తే ఇది కోరలు చూపిస్తుంది. ఆ ఫొటో ఆయనకి బాగా ఇష్టం."

పురస్కార సభ మధ్యాహ్నం జరిగింది. అన్నయ్య రెండో వరసలో కూర్చున్నాడు. ప్రశ్నలు అడగమన్నారు. లేచాను.

"కెప్టెన్ గారూ, ఈ చిరుతకి పన్ను బాగుచేసిన డాక్టరు మీతోపాటు కొండెక్కారాండీ?"

అందరూ నవ్వారు. తెరమీద అట్ట బొమ్మ, దాని పక్కన ఎక్స్‌రే, ఆ పక్కన షెడ్డులో నేను తీసిన ఫొటో పెట్టించాను. నవ్వులు ఆగిపోయాయి.

"అచ్చులో ఫొటో మారిపోయింది. ఆ రోజు చూసిన చిరుత వేరు," అన్నాడు. టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

అప్పుడు వెనక వరసలోంచి మా సంఘంలోని లెక్కల టీచరు మేడమ్ లేచింది. ఆ రోజు కెప్టెన్‌తో ఉన్న ఇద్దరిలో ఒకావిడ. ఆమె నోరు విప్పుతుందని నేననుకోలేదు.

"ఆ రోజు మేం ఏ చిరుతనీ చూడలేదు. గాలి పెరిగిందని అవతలివైపు దిగిపోయి, జీపులో కూర్చుని టీ తాగాం. పెద్దాయన సంగతి..." ఆమె అన్నయ్య వైపు చూసింది. "మర్చిపోయాం. సాయంత్రం దాకా ఎవరికీ గుర్తురాలేదు."

కెప్టెన్ మొహం చూసి తనివితీరా ఆనందించాలని ఎన్ని రోజులు ఎదురుచూశానో. ఆ క్షణం వచ్చేసరికి నేను చూసింది అన్నయ్య మొహం. ఆయన తల దించుకుని బూటు తాడు విప్పి మళ్ళీ కట్టుకుంటున్నాడు.

పురస్కారం ఆగిపోయింది. పుస్తకం వెనక్కి తీసుకున్నారు. సంఘంలోంచి కెప్టెన్ పేరు కొట్టేశారు. అన్నయ్య మాత్రం మూడు వారాలు మా ఇంటి గడప తొక్కలేదు. వచ్చిన రోజు ఒకటే అన్నాడు: "నన్ను ఒక్కమాట అడగాల్సింది నువ్వు. వాళ్ళు చూశారనుకుంటూ ఏడేళ్ళు హాయిగా ఉన్నాను."

అయినా నేను చేసినదానికి బాధపడలేదు, ఇప్పటికీ లేదు.

తర్వాతి నెల ఒక ఉదయం కెప్టెన్ దుకాణానికి వచ్చాడు. నేను అక్కడే ఉన్నాను. నెత్తిన టోపీ లేదు. చేతిలో టైపు చేసిన కాగితం ఉంది. క్షమించేశానని అన్నయ్య సంతకం పెడితే సంఘంవాళ్ళు మళ్ళీ చేర్చుకుంటారట.

"మీరు పెద్ద మనసున్నవారు," అన్నాడు చేతులు కట్టుకుని.

అన్నయ్య ఆ కాగితాన్ని భూతద్దం కింద పెట్టి అక్షరం అక్షరం చదివాడు. తలెత్తి, "నిజంగానే మర్చిపోయారా?" అని అడిగాడు.

"నిజంగానే. మీరు రెండో జీపులో ఉన్నారనుకున్నాను."

"మీరు వెతకలేదు."

అన్నయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి, అరగదీయాల్సిన కళ్ళజోడు అద్దం బల్లమీద ఊగకుండా దాని కిందకి తోశాడు.

"సంతకం...?" అన్నాడు కెప్టెన్.

"పని ఉంది, వెళ్ళండి," అన్నాడు అన్నయ్య. ఇన్నేళ్ళలో ఆ గొంతు నేను వినలేదు. నా వైపు తిరిగి, "నువ్వు సభలో మరీ మెత్తగా అడిగావే," అన్నాడు.

లేచి వెళ్ళి కెప్టెన్ కోసం తలుపు తీసి పట్టుకున్నాను.