మాటలకందనిది

కొబ్బరి కోరుతూంటే ఎడమ పక్కన కుట్లు లాగాయి. గదిలో మా ఆయన ఢిల్లీశ్వరరావు అద్దం ముందు నిలబడి ఉపన్యాసం వల్లె వేస్తున్నారు. "నాకు కిడ్నీ ఇచ్చిన నా భార్య గౌరి త్యాగం వర్ణనాతీతం!"

ఆయన తెలుగు మాస్టారు. "ఆ మాటకి అర్థమేటండీ?" అనడిగాను.

"వర్ణించడానికి అందనిదని. సముద్రం అందం, తల్లి ప్రేమ, అలాటోటికి వాడతారు. బేగి కానీ, టెక్కలి బస్సు ఎలిపోద్ది."

వర్ణించమని ఎవరైనా అడిగారా అసలు? ఆసుపత్రిలో డాక్టరమ్మ నావైపే చూసి, "ఇష్టంగానే ఇస్తున్నావా అమ్మా?" అంది. నేను నోరు తెరిచేలోగా మా అత్తగారు వరహాలమ్మ, "ఇష్టం నేకేటమ్మా, మొగుడు కాదా?" అంది. డాక్టరమ్మ రాసేసుకుంది. ఇంటికొచ్చాక, ఆయనకేం సోకుతుందోనని అత్తగారు ఆయన గదిలోకి ఎవరినీ రానివ్వలేదు. నేను బిందె ఎత్తలేక బోరు దగ్గర కూలబడితే, "పిల్లల్ని కన్నదానివి, ఈపాటి నొప్పి నీకో లెక్కేటే?" అంది. కిటికీలోంచి ఆయనకు వినిపించింది. పుస్తకంలోంచి తలెత్తలేదు. దగ్గొస్తే, ఆయన నిద్ర చెడుతుందని కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

టెక్కలిలో సన్మానం, ఆయన మళ్లీ బడికి వస్తున్నందుకు తోటి మాస్టర్లు పెట్టింది. శాలువా కప్పారు. ఆయన "వర్ణనాతీతం" అనగానే హాలంతా చప్పట్లు. నన్ను లేచి నిలబడమన్నారు. మాట్లాడమనలేదు.

నా పక్కన తోటికోడలు దుర్గ కూర్చుంది, పూండి నుంచి వచ్చింది. వాళ్లాయన మహీధర్‌కీ కిడ్నీలు పాడయ్యాయి. ఇప్పుడు ఇంట్లో అందరి చూపూ దుర్గ మీదే. నా చెవి దగ్గర వంగి, "ఎలాగుంటాదక్కా?" అంది.

"అదంతా మాటల్లో సెప్పేది కాదులేయే," అంది వెనక కుర్చీలోంచి మా అత్తగారు.

దుర్గ చెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకెళ్లాను. అన్నీ చెప్పాను. ఆపరేషన్ బల్ల చల్లదనం, తెలివి వచ్చాక నాలుక పిడచకట్టుకుపోవడం, నవ్వినా నొప్పే అని, ఆ పక్కకి తిరిగి పడుకోలేనని, నీరసంగా ఉందంటే ఇంట్లో మొహాలు ఎలా మారతాయో. ఒక్క మాటకీ తడుముకోలేదు.

దుర్గ కళ్లు తుడుచుకుంది. "అయితే ఇవ్వొద్దంటావా అక్కా?"

"నేనేటీ అనను. ఆళ్లు నిన్ను అడిగారా?"

"నేదు. రేపు టెస్టులకి బయల్దేరమన్నారు."

లోపల ఇంకా చప్పట్లు మోగుతున్నాయి.

"ఇంట్లో నన్నూ ఎవలూ అడగలేదు దుర్గా," అన్నాను. "అడిగుంటే ఇచ్చీదాన్నే."