బాతు కాలి కడియం

1969 జనవరి ఆఖరు. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంతో బడులు మూతబడ్డయి. మొయినాబాదులో లెక్కలు చెప్పే గిద్యోను సారు కోస్తా మనిషి. ఊళ్ళో ఆయనను ఎవరూ ఒక్క మాట అనలేదు గాని, తల్లి భయపడి వెంటనే రమ్మని తంతి కొట్టించింది. మరునాడు బందు. అందుకని ఆ రోజు చేవెళ్ళ నుంచి పట్నం పోయే పదకొండు గంటల బస్సుకే పోవాలె.

పొద్దున్నే మా ఇంటి ముందు నిలబడ్డడు. భుజాన సంచి, మెడలో దుర్భిణి.

"ధనమ్మా, ఆ కడియం బాతు ఇంకా ఉందా?"

"నిన్న పొద్దుగూకంగ చూసిన సారూ. దిబ్బ మీదనే ఉన్నది."

గండిపేట చెరువు నీళ్ళు తగ్గితే నడుమ ఒక మట్టి దిబ్బ తేలుతది. నాలుగు దిక్కులా నీళ్ళే. చలికాలంలో తల మీద రెండు నల్ల పట్టీలున్న పెద్ద బాతులు మంచుకొండల అవతలి నుంచి వచ్చి అక్కడ మేస్తయి. అందులో ఒకదాని కాలికి తెల్ల కడియం ఉన్నది. దాని మీది నంబరు రాసి కడియం తొడిగినోళ్ళకు పంపితే అది ఎక్కడిదో జవాబు వస్తదని సారు చెప్పిండు. రెండు చలికాలాలు ఒడ్డు మీద నుంచి చూసినా నంబరు అందలేదు. దగ్గరికి పోతే లేచిపోతయి. నాకూ అదే పట్టుకున్నది. పోయినోళ్ళ జాడ తెలియకపోతే నాకు అన్నం సహించదు. పక్షులైనా అంతే.

"మనిషిని చూస్తే లేస్తయి గాని బర్రెను చూస్తే లేవవు," అన్న.

మా మామ బీరయ్య రోజూ బర్రెలను దిబ్బకు తోలుతడు. రెండు గొంగళ్ళు తెచ్చి ఒకటి నాకిచ్చి, ఒకటి సారు మీద కప్పిండు.

"ఇన్నేండ్లు పిల్లలను బర్రెలని తిట్టినవ్ సారూ. ఇయ్యాల నువ్వే బర్రెవైతున్నవ్."

"మెల్లగా బీరయ్యా, వింటాయి."

"బర్రె మాట్లాడదు. వంగు."

నడుము లోతు నీళ్ళు, గడ్డకట్టే చలి. బర్రెల పక్కన వంగి నడిచినం. దిబ్బ ఎక్కేసరికి బాతులు ఇరువై అడుగుల దూరంల ఉన్నయి. గడ్డి తెంపే చప్పుడు కూడ వినబడుతున్నది.

సారు కండ్లద్దాలు తడిసి మసకబారినయి. దుర్భిణి నా చేతికిచ్చిండు. నేను బడికి పోలేదు. చర్చి గుడిలో బోర్డు మీద పెట్టే పాటల నంబర్లు చూసి అంకెలు నేర్చుకున్న.

"మూడు. సున్న. ఐదు," అన్న. "ఆఖరుది కాలి వెనక్కున్నది."

బాతు తిరగలేదు. మేసుకుంటనే ఉన్నది. సారు గడియారం పదిన్నర దాటింది.

"నువ్వు పో సారూ. నేను చూస్త."

దుర్భిణి నన్నే ఉంచుకొమ్మని, పోబుద్ధి కాక రెండుసార్లు వెనక్కి చూసిండు. మామ ఒక బర్రెను మలిపి, దాని చాటున ఆయనను ఒడ్డుకు తీసుకపోయిండు. నేను గొంగడి కింద దుర్భిణి కండ్లకు పెట్టుకొని కూర్చున్న. ఎంతసేపో తెలియదు. బాతు మెడ వంచి, ఆ కాలు ఎత్తి, చెంప గోక్కున్నది.

ఏడు.

లేచి ఉరికిన. ఒక్కసారి వందల రెక్కలు నా తల మీది నుంచి లేచినయి. నీళ్ళల్ల పడుతు లేస్తు ఒడ్డు చేరి, అరమైలు సడక్ దాకా ఉరికిన. బస్సు కదిలింది. చెయ్యి ఊపంగనే కండక్టరు ఆపిండు.

"జల్ది ఎక్కక్కా."

"నేను ఎక్కను, అన్నా. సారుకు నంబరు చెప్పాలె."

"ఏం నంబరు, పొలందా?"

"బాతుది."

బస్సంతా నవ్వింది. సారు కిటికీలోంచి తల బయటపెట్టిండు.

"ఎంత ధనమ్మా?"

"ఏడు. మూడు సున్న ఐదు ఏడు."

ఆయన రాసుకున్నడు.

"నేనెక్కడుంటానో నాకే తెలియదు. జవాబు నీకే రమ్మని రాస్తా. మీ ఇంటిపేరేమిటి?"

కండక్టరు రైట్ అన్నడు. బస్సు వెంట ఉరుకుతనే, తడి చీర కాళ్ళకు చుట్టుకుంటున్నా, గొంతెత్తి ఇంటిపేరు చెప్పిన.