వెల్ అంటే బావి

నీళ్ళు తేవాలి. పొయ్యి రాజేయాలి. మధ్యాహ్నానికి రొట్టెలు కాల్చి మూటగట్టాలి. కూతురు చంద్రవతికి తల దువ్వాలి. పనిగంట కొట్టేలోగా పిల్లచేత ఇంగ్లీషు మాటలు అప్పజెప్పించుకోవాలి. ఇన్నింటి మధ్యా ద్రౌపది కడుపు పట్టుకుని కూలీ లైను గదుల వెనక్కి పరుగెత్తి వస్తోంది. నిన్నటినుంచి విరేచనాల్లో నెత్తురు పడుతోంది.

"టాస్క్ అంటే?" దువ్వెన ఆపకుండా అడిగింది.

"పొద్దుగూకినా తెమలని పని."

"ఫైన్?"

"జీతంలో కోసేది."

"వెల్?"

"బావి. అమ్మా, నీ చెయ్యి జ్వరంతో కాలిపోతాంది!"

"కాలనీలే. తిన్నగా కూచో మే."

దొరగారింట నీళ్ళు మోసిన రోజుల్లో ఏరుకొచ్చిన మాటలవి. దొరసాని బావివైపు వేలు చూపి "వెల్, వెల్" అనేది. భాష రాకపోబట్టే తాను సముద్రం దాటి ఈ వాయినికోరో చెరకుతోటల్లో వచ్చి పడ్డానని ద్రౌపది నమ్మకం. పిల్ల అలా పడకూడదు.

ఇవాళ ఎలాగైనా ఆసుపత్రికి పంపమని అడగాలి.

తోటలో కూలీల మేస్త్రీ, సర్దారు రామ్ ప్రసాద్ ఆమె వంగిన నడుము చూసి నవ్వాడు. "కా రే మదరాసిన్, ఫిర్ బిమార్, మళ్ళీ జబ్బా? కులంబర్‌తో నేను చెప్పాల్నా?"

కులంబర్ అంటే పని చూసే తెల్లదొర. క్రితంసారి సర్దారు చెప్పిన మాటకే ఆమెకు ఫైన్ పడింది.

"నువ్వొద్దులే సర్దార్. నాకు అంగ్రేజీ వస్తాది."

కులంబర్ గుర్రం ఆపి ఆమె ముఖంలోకి చూశాడు. "ఆర్ యూ వెల్?"

ద్రౌపది ముఖం విప్పారింది. బావి నీళ్ళే కడుపు పాడుచేశాయని ఆమె అనుకుంటూనే ఉంది. దొర చూడగానే కనిపెట్టేశాడు!

"యెస్ సాబ్! వెల్! వెల్!" రెండు చేతులూ జోడించింది.

"గుడ్" అని అతను గుర్రాన్ని ముందుకు తోలాడు.

గుడ్ అంటే మంచిది. ఇక ఆసుపత్రికి బండి పంపిస్తాడు. ద్రౌపది నాలుగు పోట్లు తవ్వడం, గట్టెక్కి దారివంక చూడడం, మళ్ళీ సాలులోకి దిగడం. దుమ్ము లేచినప్పుడల్లా చీర సర్దుకుంది. ఒకసారి వచ్చింది చెరకు బండి. ఒకసారి ఉత్త గాలి.

"దారిలో మీ నాయన వస్తాండాడా? తవ్వు!" అని సర్దారు అరిచాడు.

ఎండ వాలేసరికి ఆమె సాలులోనే పక్కకు ఒరిగి ఉంది. పక్క సాలు ఆడవాళ్ళు నోట్లో నీళ్ళు పోయబోతే పెదవులు కదల్లేదు.

దొర అడిగింది ఒంట్లో బాగుందా అని. ఆ మాటకు ఆ అర్థం కూడా ఉందని చంద్రవతికి చాలా ఏళ్ళకు తెలిసింది. మీ పిల్లలకు ఆ మాట నేర్పేటప్పుడు రెండర్థాలూ చెప్పండి. చెబుతూ ద్రౌపదిని ఒక్కసారి తలచుకోండి. ఆ సాయంత్రం అందరూ వెళ్ళిపోయాక, సగంలో ఆగిన సాలులో ఆమె పార ఒక్కటే మట్టిలో దిగి నిలబడి ఉంది.