హాల్లోకి వచ్చిన పోటు

లిఫ్టు మెకానిక్ పొద్దున్నే లేచి చేసే మొదటి పని ముఖం కడుక్కోవడం కాదు, హాల్లో అక్వేరియం ముందు మోకాళ్ళ మీద కూర్చుని అద్దానికి పట్టిన నాచు గీకడం. చేతిలో గడువు తీరిన పాత ప్లాస్టిక్ కార్డు, పక్కన బకెట్టు, భుజం మీద తువ్వాలు. అతని భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆమె స్నానానికి వెళ్తూ గోడకి అంటించిన కాగితం చూసి, "ఇవాళ పోటు ఎనిమిదీ ఇరవైకి. ఆ చెప్పులు అక్కణ్ణుంచి తీసేయండి" అంటుంది.

ఆ నాలుగడుగుల అక్వేరియంలో నీళ్ళకి రోజుకి రెండుసార్లు ఆటుపోట్లున్నాయి. కొన్న మొదటి వారం నుంచీ అంతే. పోటు వేళకి ఉప్పునీళ్ళు అద్దం అంచు దాటి జానెడు ఎత్తు లేచి, చుట్టూ అద్దం ఉన్నట్టే కదలకుండా నిలబడేవి. నారింజరంగు చేపలు రెండూ ఆ పై జానెడులోకి షికారు వెళ్ళొచ్చేవి. ఆటు వేళకి పగడాల తలలు బయటపడి మెరిసేవి. పౌర్ణమికీ అమావాస్యకీ ఓ చెంబెడు నీళ్ళు నేల మీద ఒలికేవి. కింది ఇంట్లో ఉండే టైలరు మెట్ల మీద ఎదురైతే, "పౌర్ణమి దగ్గరపడింది, కాస్త చూసుకోండి సార్, మా సీలింగుకి మొన్ననే రంగు వేయించాం" అనేవాడు. అంతకు మించి ఎవరూ ఏమీ అనలేదు.

నాచు వచ్చినప్పటినుంచీ పోటు నీరసించింది. జానెడు బెత్తెడైంది, బెత్తెడు వేలెడైంది. రాళ్ళ మీద పచ్చటి జుట్టు మొలిచినట్టు నాచు, ఇవాళ పీకితే రేపటికి రెండింతలు. పాపం లిఫ్టు మెకానిక్‌కి తల ప్రాణం తోకకొచ్చింది.

అక్వేరియం పక్కనే వాళ్ళమ్మ మంచం. ఆవిడ రిటైరైన డ్రిల్లు టీచరు. ముప్ఫై ఏళ్ళపాటు మెడలో విజిలుతో ఎండలో నిలబడి, వేలమంది పిల్లల చేత కాళ్ళు కలిపించిన మనిషి. ఏడు నెలల క్రితం ఈ హాల్లోనే జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. ఆపరేషనయింది, ఎముక అతుక్కుంది, డాక్టరు ఎక్స్‌రే చూపించి మరీ చెప్పాడు. అయినా ఆవిడ కాలు నేల మీద పెట్టదు. వ్యాయామం చేయించడానికి వచ్చినాయన పదకొండు రోజులు బతిమాలి, "కాలికేం లేదండీ, ఆవిడ ఒప్పుకోవాలి, అంతే" అని చేతులెత్తేశాడు. ఇంకో రెండు నెలలు ఇలాగే పడుకుంటే కండ కరిగిపోయి, ఒప్పుకున్నా నడవలేదని డాక్టరు హెచ్చరించాడు.

ఆవిడ పడిన రోజు అక్వేరియం నీళ్ళు మార్చి నేల తుడవకుండా పనికి వెళ్ళిపోయింది లిఫ్టు మెకానిక్కే. ఆ సంగతి అతని గుండెలో ముల్లులా ఉండిపోయింది. "ఊళ్ళో అందర్నీ పైకెక్కిస్తాను, మా అమ్మని మంచం మీంచి దింపలేకపోతున్నాను" అని భార్య దగ్గర ఒకసారి ఏడ్చాడు కూడా.

అక్వేరియం ఎవరికైనా ఇచ్చేద్దామంటే తల్లి ఒప్పుకోలేదు. "నాకు కనిపించే సముద్రం అదొక్కటే, ఉండనీ" అంది. ఇక నాచుని వదిలించడమే మిగిలింది. చేపల కొట్టాయన నోటికి అడ్డూ ఆపూ లేదు, ఎంత మంది వడపోత గురించి అడిగితే అంత సంబరం ఆయనకి. కుళాయి నీళ్ళు మానేసి పూర్తిగా శుద్ధి చేసిన నీళ్ళే పొయ్యమన్నాడు. పోశాడు. మురికిని నురగ చేసి బయటికి తోసే స్కిమ్మరు పెద్దది పెట్టమన్నాడు. పెట్టాడు. చివరికి ఓ మందు సీసా చేతిలో పెట్టాడు. అది పోసిన రెండు రోజులకి నాచు చచ్చింది, దాంతోపాటు పగడాలు కూడా రంగు తగ్గి సుద్దముక్కల్లా అయ్యాయి. ఆ వారం పోటు అసలు రానే లేదు. తర్వాత వారం నాచు మాత్రం ఠంచనుగా వచ్చింది.

భార్య ల్యాబు నుంచి వస్తూనే ఓ ఆదివారం చిన్న గాజుగొట్టాల్లో నీళ్ళు పట్టి, చుక్కమందు కలిపి, వెలుతురుకి ఎత్తి చూసింది.

"ఏవండీ, వడపోతలో తప్పేం లేదు. మిగిలిపోయిన మేత కుళ్ళి నాచుకి ఎరువవుతోంది. రోజుకి ఒక చిటికెడే కదా మేత వేస్తున్నాం? ఈ లెక్కన ఎవరో దానికి ఐదారింతలు వేస్తున్నారు."

మంచం మీద తల్లి దుప్పటి సర్దుకుంది. సర్దుకోవడంలో తలగడ కిందనుంచి మేత డబ్బా దొర్లి కింద పడింది.

"అత్తయ్యా!"

"అవి నన్నే చూస్తాయమ్మాయ్" అంది ఆవిడ చిన్నపిల్లలా. "నోరు తెరిచి అద్దం దగ్గరికొస్తాయి. చూస్తూ ఎలా ఊరుకోను?"

ఆవిడే మళ్ళీ అంది, ఈసారి కొడుకు వంక చూడకుండా. "ఆ రోజూ అంతేరా. వాటికి దొంగచాటుగా మేత వేద్దామని, అల్మరా మీది డబ్బా కోసం కుర్చీ ఎక్కాను. కుర్చీ ఒరిగింది. నీ తడి నేల మీద కాదు నేను పడింది. డ్రిల్లు టీచరు కుర్చీ మీంచి పడిందని చెప్పుకోవడానికి నామోషీ అనిపించింది. నువ్వేమో నీ మీద వేసుకుని తిరుగుతున్నావు. ఏడు నెలలు నోరు విప్పలేకపోయాను, తిట్టుకో."

అతనికి కోపం రాలేదు. ఒంట్లోంచి ఏదో బరువు దిగిపోయినట్టయి, మంచం పక్కన కూలబడి తల్లి పాదాలు పట్టుకున్నాడు. అవి చల్లగా, చాలా తేలిగ్గా ఉన్నాయి.

"సరేగానీ," అంది ఆవిడ గొంతు సవరించుకుని, "ఆ నాచుని అలా పీకితే పోదురా. బడిలో అల్లరి పిల్లల్ని బెంచీకి కట్టేస్తే కుదురుతారా? వాళ్ళని ముందు గ్రౌండులోకి వదిలేదాన్ని. అక్కడ దుమ్ము లేపి వస్తే, క్లాసులో కిమ్మనకుండా కూర్చునేవాళ్ళు. దానికీ ఒక గ్రౌండు ఇవ్వు."

చేపల కొట్టాయనకి ఈ మాట చెబితే, ఆయన నుదురు కొట్టుకుని, అలాంటి పద్ధతి ఉండనే ఉందన్నాడు. అక్వేరియం పెట్టిన బల్ల కింది అరలో ఇంకో చిన్న తొట్టి అమర్చారు. పైనీళ్ళు గొట్టంలోంచి దాంట్లోకి దిగి, మళ్ళీ పైకెక్కాలి. నీళ్ళని ఎక్కించి దించడం లిఫ్టు మెకానిక్‌కి కొట్టిన పిండే. ఆ కింది తొట్టిలో చిక్కుపడిన ఊలుండలాంటి నాచుని కావాలనే వేశారు. పైన లైటు ఆరిన వేళల్లో కింద వెలిగేలా పెట్టారు. మేత డబ్బా కోడలి హ్యాండుబ్యాగులోకి వెళ్ళిపోయింది.

ఐదు వారాల్లో కింద నాచు నీళ్ళలోని ఎరువంతా లాగేసుకుని దట్టంగా పెరిగింది, పైన రాళ్ళు బోడిగా తేలాయి. పగడాలకి ఊదా, లేతాకుపచ్చ రంగులు తిరిగొచ్చాయి. నీళ్ళున్నట్టే తెలియడం లేదు, చేపలు గాలిలో తేలుతున్నట్టున్నాయి. పోటు వేలెడు నుంచి బెత్తెడైంది.

పౌర్ణమి ఆదివారం పడింది. సాయంత్రం నాలుగున్నరకి పోటు. నీళ్ళు జానెడు లేచాయి, మూరెడు లేచాయి, అక్కడా ఆగలేదు. తొందర లేకుండా, చప్పుడు లేకుండా, అంచు దాటి హాల్లోకి దిగాయి.

"ప్లగ్గులు తీయండి!" అని భార్య ఎక్స్‌టెన్షన్ బోర్డు ఎత్తి అల్మరా మీద పెట్టేసింది. కింద టైలరు మిషను చప్పుడు ఆగిపోయింది.

గోరువెచ్చటి నీళ్ళు చీలమండలు దాటాయి, మోకాళ్ళు దాటాయి, పరుపుని దాటాయి. కిటికీలోంచి పడిన ఎండ సీలింగు నిండా అలలై కదిలింది. నారింజ చేప ఒకటి లిఫ్టు మెకానిక్ చొక్కా గుండీని ముట్టుకుని చూసి పక్కకి తప్పుకుంది. ఊపిరి తీసుకోవడం కూడా మర్యాద కాదేమో అనిపించి అతను అలాగే నిలబడిపోయాడు. అతను పుట్టి బుద్ధెరిగాక అంత అందమైనదాన్ని చూడలేదు.

తల్లి పరుపు మీంచి మెల్లగా తేలింది. తెల్లజుట్టు విచ్చుకుంది.

"ఒరే," అంది గుసగుసగా, "నాకు బరువు లేదురా."

"చెయ్యి ఇలా ఇవ్వమ్మా."

కాళ్ళు కిందికి దిగాయి. పాదాలు నేలకి తగిలాయి. ఆవిడ కళ్ళు గట్టిగా మూసుకుంది. "ఎడమ" అంది. ఎడమ కాలు కదిలింది. "కుడి." కుడి కాలు కదిలింది.

చేపలు బెల్లు విని క్లాసుకి వెళ్ళే పిల్లల్లా అక్వేరియంలోకి మళ్ళుతున్నాయి. ఆటు మొదలైందని అతనికి అర్థమైంది.

"ఎంత లోతుందిరా?"

"నడుం దాకా ఉందమ్మా" అన్నాడు. నిజానికి నీళ్ళు మోకాళ్ళ దాకానే ఉన్నాయి.

"ఎడమ. కుడి. ఇప్పుడో?"

"మోకాళ్ళ దాకా." నీళ్ళు కాలివేళ్ళ మధ్యనుంచి జారిపోతున్నాయి. గోడ మీద పరుపు ఎత్తున సన్నటి ఉప్పుగీత మిగిలింది. తలుపు దగ్గర భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

వాళ్ళు సోఫా దాటారు, భోజనాల బల్ల దాటారు. వంటింటి గుమ్మం దగ్గర తల్లి ఆగింది.

"ఇంకా ఉన్నాయా నీళ్ళు?"

"ఉన్నాయమ్మా. మోకాళ్ళ దాకా."

"ముప్ఫై ఏళ్ళు నేల మీద కాళ్ళు కలిపించినదాన్ని" అంది ఆవిడ, కళ్ళు తెరవకుండానే. "కింద తడిగా ఉందో పొడిగా ఉందో నాకు తెలీదనుకున్నావా? చెయ్యి వదులు."

అతను వదిలాడు.

"ఎడమ" అంది ఆవిడ.