లోపల ఎవరూ లేని ట్యాంకు

వసంతకుమార్ సైన్యంలో ట్యాంకు డ్రైవరు. కోయిలకుంట్ల పక్క పల్లె నుంచి కుర్రతనంలోనే వెళ్ళి, రాజస్థాన్ ఇసుకలోనూ పంజాబు కాలవగట్ల మీదా తిరిగాడు. నడివయసు దాటాక సొంత జిల్లాకే డ్యూటీ పడింది. నందికొట్కూరు అవతల మెట్టచేలు తీసుకుని ఒక కంపెనీ డ్రైవరు లేని ట్యాంకును పరీక్షిస్తోంది. పాత ట్యాంకుకే కెమెరాలు బిగించారు. నడిపేవాడు దూరంగా రేకుల షెడ్డులో కుర్చీలో కూర్చుని, తెర చూస్తూ నడపాలి.

మొదట్లో అతనికి ఒళ్ళు మండింది. ట్యాంకును కళ్ళతో కాదు, వీపుతో నడపాలన్నది అతని నమ్మకం. కింద రాయి తగిలితే వెన్నుకు తెలుస్తుంది, ఇంజను మూలిగితే అరికాళ్ళకు తెలుస్తుంది. ఈ కుర్చీలో ఏదీ తెలియదు.

“బండి తోలినట్టు లేదు మేడమ్, సినిమా చూసినట్టుండాది” అన్నాడు.

కెమెరాలు తయారుచేసిన ఇంజనీరు స్వర్ణలత కడప పిల్ల. ఆమె నొచ్చుకోలేదు.

“అలవాటు కావల్లన్నా. ఒకప్పుడు ట్యాంకులో నలుగురు కూర్చునేది. గుండు నింపే పని యంత్రానికిచ్చినాక ముగ్గురే. రేపు ఇద్దరో, అసలు ఎవరూ ఉండరో. ఎంతమంది తగ్గితే అన్ని ప్రాణాలు మిగిలినట్టే గదా.”

ఆ మాట నిజమేనని అతనికీ తెలుసు. కాలవలో తిరగబడిన ట్యాంకులోంచి ఆనందం అనే తోటి డ్రైవరు శవాన్ని బయటికి లాగినవాళ్ళలో తనూ ఒకడు.

పోనుపోను కుర్చీ నచ్చింది. లోపలుంటే జంకే వాలుల్లో ఇప్పుడు జంకు లేకుండా దించుతున్నాడు. చెమట లేదు, నడుంనొప్పి లేదు. షెడ్డులో అందరూ చప్పట్లు కొడుతున్నారు.

పెద్ద అధికారులు చూడవచ్చిన రోజు, చేను దాటి ఎదురుగా ఉన్న గుట్టను వీలైనంత త్వరగా చేరాలన్నారు. దారి మధ్యలో తెర మీద కంపచెట్ల గుబురు కనిపించింది. దాని వెనక నల్లటి నీడ. వసంతకుమార్‌కు అనుమానం వచ్చింది. అయినా వేగం తగ్గించలేదు. కంపల్ని తొక్కించేశాడు.

తెర మీద ఆకాశం కనిపించింది, తర్వాత మట్టి, ఆ తర్వాత చీకటి.

అందరూ పరుగెత్తారు. చేలు తీసుకున్నప్పుడు పూడ్చకుండా వదిలేసిన పాత మోటబావి అది. ట్యాంకు ముక్కు కిందికి పెట్టి పడింది. క్రేనుతో పైకి తీసేసరికి డ్రైవరు కూర్చునే చోటంతా రాళ్ళూ బురదే. వసంతకుమార్ అందులోకి తొంగిచూశాడు.

స్వర్ణలత కళ్ళు తుడుచుకుంటూ, “నా కెమెరాకు బావి కనపడలేదు సార్, తప్పు నాదే” అంది అధికారితో.

“లేదు సార్” అన్నాడు వసంతకుమార్. “కెమెరా నీడ చూపించింది. నాకు అనుమానం వచ్చింది. లోపల నేనుంటే ఆపేవాణ్ణి. ఎవరూ లేరు గదా అని తొక్కించినా.”

అధికారి అతన్ని ఎగాదిగా చూసి, ఆ ముక్కే రాసుకుని వెళ్ళిపోయాడు. మర్నాటి నుంచి అతన్ని కుర్చీ ఎక్కనివ్వలేదు.

ఇంటికి పోతే భార్య రెజీనా విషయమంతా విని తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

“దాంట్లో నువ్వు లేవు గదా, అది సాలు. ఇనుము పోతే మళ్ళా చేసుకుంటారు.”

“నేను లేను. సరే. ఆ కంపల్లో గొర్లు కాసేటోడు ఎవడన్నా ఉండింటే?”

రెజీనా గంటె పట్టుకుని అట్లాగే ఆగిపోయింది. తర్వాత సంగటి ముద్ద అతని పళ్ళెంలో వేసింది.

రెజిమెంటుకు వెళ్ళిపోవాలని సామాను సర్దుకుంటుండగా స్వర్ణలత ఫోన్ చేసింది.

“కొత్తగా తోలేటోళ్ళు వచ్చినారన్నా. నీకంటే జోరుగా పోతాండారు, నాకు భయమైతాంది. నేర్పేదానికి నువ్వుంటే బాగుంటాదని సార్‌ను అడిగినా. ఒప్పుకున్నాడు.”

“కుర్చీ ఎక్కియ్యను ముందు” అన్నాడు. “నేను చెప్పినట్టు ఇనల్ల.”

“ఇంటారులే, రా.”

చేరిన రోజే ఆ కొత్తవాళ్ళను షెడ్డులోకి పోనివ్వకుండా చేనికి అడ్డంగా నడిపించాడు. ఎండ మండిపోతోంది. బూట్లలో పల్లేరు ముళ్ళు దిగుతున్నాయని వాళ్ళు సణుగుతున్నారు. వసంతకుమార్ ముందు నడుస్తూ, ఒక్కో కంపనూ కర్రతో ఎత్తి, వంగి కిందికి చూడమంటున్నాడు.