నొసటి బిళ్ల

మా అత్త నర్సవ్వ నన్ను ఎన్నడూ చీర అడగలేదు, నగ అడగలేదు. చనిపోయాక తన నొసట పెట్టే బిళ్ల ఒక్కటే అడిగింది. అదీ ఇవ్వలేకపోయాం. ఇవ్వలేకపోయాం అంటే అబద్ధమవుతుంది, ఇవ్వలేదు.

మా వైపు పాడె ఎత్తే ముందు పోయినవాళ్ల నొసట పసుపు ముద్ద అద్ది, దాని మీద వెండి రూపాయి అంటిస్తారు. అది చితి మీదికి కూడా అట్లాగే వెళ్తుంది. మంట ఆరాక బూడిదలో దొరికితే కాటికాపరిది. అందుకే ప్రతి ఇంట్లో ముసలివాళ్లు ఒక నిజాం రూపాయిని గుడ్డలో కట్టి పెట్టె అడుగున దాస్తారు. మా అత్తకు నిజాం రూపాయి అక్కర్లేదు. ఆమెకు తన మెడలో వేసుకున్న పేరులోని, అంటే దండలోని, బిళ్లే కావాలి.

ఆ పేరుకు ఐదు వెండి బిళ్లలుండేవి. వాళ్ల తాత చేను దున్నుతుంటే దొరికాయట. ప్రతి బిళ్ల మీదా పొడుగు ముక్కు మగవాడి మొహం, చుట్టూ ఎవరికీ చదవరాని అక్షరాలు. ఊళ్లో నగలు చేసే అవుసులాయన మెలితీగతో కొండ్లు అతికి పేరు గుచ్చి ఇచ్చాడు. నడిమి బిళ్ల వెండి అవునో కాదో చూడడానికి దాని మీది బొమ్మ మెడ మీద ఒక గాటు కూడా పెట్టాడు. మా ఆయన దేవన్నను నాందేడ్ బడిలో చేర్చడానికి అత్త ఆ పేరు తీసి ముఖేడ్ సావుకారి చేతిలో పెట్టింది. ఈయన మెట్రిక్ పాసై ముద్‌ఖేడ్ స్టేషన్లో గుమాస్తా అయ్యాడు. సావుకారు పేరు తెంపి బిళ్లలను తలో దిక్కుకు అమ్ముకున్నాడు.

"ఐదు నాకెందుకు బిడ్డా, ఒక్కటి దొర్కవట్టు. గది నా నొసట పెట్టి నన్ను సాగదోలు" అంది కొడుకుతో.

ఒకటి దొరికింది. అరవయ్యారులో గోకుంద సంతలో ఒక లంబాడామె మెడలో కనిపించింది. మెలితీగ కొండి చూసి మా ఆయన గుర్తుపట్టి కొన్నాడు. చిన్నప్పుడు తల్లి మెడలోని ఆ బిళ్లలు పట్టుకునే నిద్రపోయేవాడు మరి. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగకుండా దాన్ని నాందేడ్‌లో చరిత్ర చెప్పే ఒక మాస్టారుకు చూపించాడు. ఇది రోము రాజుదనీ, దాదాపు రెండు వేల ఏళ్ల నాటిదనీ ఆయన చెప్పాడు. ఆ రోజు మా ఇంటికి దయ్యం పట్టిందనుకోండి.

రైల్వే పాసు ఉండనే ఉంది. హైదరాబాదులో ఎక్కడ హర్రాజు జరిగినా, ఏ నవాబు ఇంట్లో పాత సామాను అమ్ముతున్నా సెలవు పెట్టి పోయేవాడు. పదేళ్లలో ఇంకో మూడు దొరికాయి. టేకుతో పెట్టె చేయించి, లోపల ఎర్ర ముఖమల్ అతికించి, ఐదు గుంటలు తీయించాడు. రాత్రి భోజనం కాగానే పెట్టె తెరిచి ఆ ఖాళీ గుంటను చూస్తూ కూర్చునేవాడు. నా మొహం అంతసేపు ఎన్నడూ చూడలేదు.

డెబ్బయ్యేడులో ముఖేడ్ సావుకారు పోయాడు. కొడుకులు వేరు పడుతూ ఇంటి సామాను హర్రాజు వేశారు. ఈయన పెట్టె చంకన పెట్టుకుని పోతే నేనూ వెంట వెళ్లాను. పాత పట్టీలు, కడియాల మధ్య పళ్లెంలో ఆ ఐదో బిళ్ల ఉంది, మెడ మీద గాటుతో సహా; సావుకారు అమ్మకుండా మిగిలింది అదొక్కటే. దాని కోసం బొంబాయి నుంచి ఒక సఫారీ సూటాయన వచ్చాడు. ఆయన ఒక మాట అంటే ఈయన ఇంకో మాట పెంచాడు. హర్రాజు పాడేవాడు "ఏక్ వార్... దోన్ వార్..." అంటుంటే ఈయన నా చెవుల వైపు చూశాడు. నేను కమ్మలు తీసి ఇచ్చాను. ఎందుకిచ్చానంటే, అత్త మొహం గుర్తొచ్చి. ఆ మాట మాత్రం నిజం.

"తీన్ వార్!"

బొంబాయి ఆయన కోపం పెట్టుకోలేదు. పెట్టె చూపించమని అడిగి, ఐదింటినీ చూసి, ఈయన భుజం తట్టి హిందీలో చెప్పాడు. "ఐదూ ఒక్క చోట దొరికినవి, ఒక్క చేతి కొండ్లు. వీటిని ఎన్నడూ విడదీయకు. ఒకటి పోయిందంటే మిగిలినవి ఉత్త వెండే." ఈయన ఆ మాటను మంత్రంలా పట్టుకున్నాడు.

ఇంటికొచ్చి బిళ్లను అత్త చేతిలో పెట్టాం. ఆమె కళ్లలో అప్పటికే పొరలు. బొటనవేలితో గాటు తడిమి నవ్వింది.

"గిదే. నా మెడల నడుమ ఉంటుండె. కాటికాపరి హన్మాండ్లుకు ముందుగాల్నే జెప్పి పెట్టిన. మీ మామను కాల్చింది గాడే. నా బిళ్ల నీకేరా, గాటు జూసి గుర్తువట్టు అన్న."

మా ఆయన బిళ్లను వెనక్కి తీసుకుని గుంటలో అమర్చాడు. మర్నాడు పెట్టెకు తాళం బిగించాడు.

వానలు వెనకబట్టాక ఒక పొద్దున అత్త లేవలేదు. మధ్యాహ్నానికి ఇల్లు నిండింది. పక్కింటి శివవ్వ తలాపున కూర్చుని "బిళ్ల తే దేవన్నా" అంది. ఈయన లోపలికి పోయాడు, వెనకే నేనూ పోయాను. పెట్టె తెరిచి గాటు బిళ్లను పైకి తీశాడు. ఖాళీ అయిన గుంటను చూశాడు. మళ్లీ అందులోనే పెట్టాడు. ఇంకోటి తీశాడు, దాన్నీ పెట్టేశాడు. కొక్కేనికి వేలాడుతున్న చొక్కా జేబులోంచి సర్కారు రూపాయి తీసి అప్పుడు నన్ను చూశాడు.

"మంగళా, అవ్వకిప్పుడు ఏం కనవడ్తది?"

నేను ఆ పెట్టెను నేలకేసి కొట్టాల్సింది. కనీసం శివవ్వను పిలవాల్సింది. నేనేమన్నానో తెలుసా? "పసుపు జర మందంగ పెట్టు, జెల్ది పో, అందరు జూస్తున్నరు" అన్నాను. నా కమ్మలు కూడా అందులో ఉన్నాయి కదా అని ఒక మూల అనిపించింది. సిగ్గు లేకుండా అనిపించింది.

మూడో రోజు పొద్దున, మేము అస్థికల కోసం బయలుదేరుతుండగా హన్మాండ్లు గడప బయటికి వచ్చి నిలబడ్డాడు. మోచేతుల దాకా బూడిద. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సారూ, తప్పైంది. అవ్వ బిళ్ల దొరుకుతలేదు."

మా ఆయన చేతిలోని కొత్త కుండను అరుగు మీద పెట్టాడు.

"రెండు దినాల సంది జల్లెడ వడ్తున్న. గాటున్న బిళ్లని అవ్వ నాతోని మూడుసార్లు చెప్పింది. బూడిదల గీ రూపాయి ఒక్కటే దొరికింది. ఎవ్వలదో జేబులకెల్లి పడ్డట్టుంది, మీరే ఉంచుకోండ్రి." నల్లబడ్డ రూపాయిని గడప మీద పెట్టాడు. "నేను దాసుకోలే సారూ, నా పిల్లల మీద ఒట్టు. అమ్ముకుందామని గాదు, అవ్వ గుర్తుకు ఇంట్ల పెట్టుకుందామనుకున్న."

నేను మా ఆయన వైపు చూశాను. తాళంచెవి ఆయన మొలతాడుకే వేలాడుతోంది. ఒక్క నిమిషం పని. లోపలికి పోయి తెచ్చి ఇవ్వొచ్చు.

"ఏం గాదు హన్మాండ్లూ, పోనీ. నీ మీద నాకు అనుమానం లేదు" అన్నాడు.

దొంగతనం చేసినవాడు దొరని క్షమించినట్టు క్షమించాడు! హన్మాండ్లు కళ్లు తుడుచుకుని దండం పెట్టాడు.

"మీది పెద్ద మనసు సారూ. ఎండకాలం గోదారి నీళ్లు తగ్గినంక ఇసుకల మల్ల ఎతుకుత. అవ్వ మాట ఉత్తగ పోనియ్య."

అతను గల్లీ మలుపు తిరిగేదాకా చూశాను. పిలవడానికి అంత సమయం ఉంది. పిలవలేదు.

ఇది జరిగి ఐదేళ్లవుతోంది. పెట్టెలో ఐదూ భద్రంగా ఉన్నాయి. చూడ్డానికి పుణె నుంచి కూడా వస్తుంటారు. ఆ నల్ల రూపాయిని మాత్రం ఖర్చు పెట్టే ధైర్యం ఇద్దరికీ లేదు. దేవుడి గూట్లో పెట్టడానికీ చేతులు రావు. గడప పక్క గూట్లో అలాగే పడి ఉంది.

ఎండాకాలంలో గోదావరి సన్నబడితే, బస్సులోంచి కాటి రేవు కింద హన్మాండ్లు కనిపిస్తాడు. మోకాళ్ల మీద కూర్చుని ఇసుక జల్లిస్తుంటాడు. బస్సు వంతెన ఎక్కుతుండగానే మా ఆయన లేచి రేవు కనబడని వైపు కిటికీకి మారతాడు. నేను మారను.